‘ఐఎఫ్‌పీ వాడతాను’ నుంచి ‘ఈ పాఠంలో ఈ చోట’ దాకా: ఒక జడ్పీ హైస్కూల్ కేస్ స్టడీ

పల్నాడు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నలుగురు టీచర్లు ఒక విద్యాసంవత్సరం పాటు తమ టెక్నాలజీ నైపుణ్యాల కోసం లక్ష్యాలు పెట్టుకుని పనిచేశారు. వారితో పాటు నేనూ ఉన్నాను. నేను మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) స్థాయిలో టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా కూడా పనిచేస్తుంటాను. ఆ ఏడాది ఏ లక్ష్యాలు నిలిచాయి, ఏవి మధ్యలో మారాయి, ఎందుకు మారాయి అన్నది ఇక్కడ రాస్తున్నాను. స్కూలు పేరు, టీచర్ల పేర్లు రాయడం లేదు.

ఊరు నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు కింద ఉంది. మిర్చి, పత్తి ప్రధాన పంటలు. స్కూల్లో ఆరు నుంచి పది వరకు తరగతులు. ఎక్కువమంది పిల్లలు కూలీల, చిన్న రైతుల ఇళ్ల నుంచి వస్తారు. ఇంట్లో ఫోన్ ఉంటుంది కానీ అది నాన్నతో పాటు పొలానికి వెళ్తుంది.

పరికరాల కొరత లేదు. 2022 డిసెంబరులో రాష్ట్రమంతటా ఎనిమిదో తరగతి పిల్లలకు, వారికి చెప్పే టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. 2023లో నాడు-నేడు (బడులను బాగుచేసే రాష్ట్ర ప్రభుత్వ పథకం) పూర్తయిన హైస్కూళ్ల తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. గోడకు గ్రీన్ బోర్డు, దాని పక్కనే వేలితో రాయగలిగే పెద్ద టచ్ ప్యానెల్. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అంతకు ముందే ఉన్నాయి, స్కాన్ చేస్తే దీక్షా పోర్టల్లో వీడియోలు వస్తాయి.

జూన్‌లో కాగితం మీద ఉన్నవి

ఏడాది మొదట్లో టీచర్లు తమ లక్ష్యాలు రాసి హెచ్‌ఎంకి ఇచ్చారు. ‘ఐఎఫ్‌పీని సమర్థంగా వినియోగిస్తాను.’ ‘డిజిటల్ పాఠాలు ఎక్కువగా చూపిస్తాను.’ ‘కంప్యూటర్ పరిజ్ఞానం పెంచుకుంటాను.’ అన్నీ మంచి ఉద్దేశంతో రాసినవే. కానీ సోమవారం రెండో పీరియడ్‌లో ఎనిమిది ‘బి’లోకి అడుగుపెట్టినప్పుడు ఏం చేయాలో వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు. చేశారో లేదో చూడడానికి కూడా వీల్లేదు. ఒక వీడియో వేసినా ‘వినియోగించాను’ అని రాసుకోవచ్చు.

మొదటి వారాల్లో నేను గమనించింది కూడా అదే. ప్యానెల్ ఎక్కువగా వెలిగేది టీచర్ సెలవులో ఉన్నప్పుడు, లేదా చివరి పీరియడ్‌లో. వీడియో నడుస్తుంటే పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు. అయిపోయాక ‘ఏం అర్థమైంది?’ అని అడిగితే, వీడియోలోని బొమ్మ గురించి చెబుతారు, పాఠం గురించి చెప్పరు.

ఇందులో టీచర్లను తప్పుపట్టడానికేమీ లేదు. టీచర్లకు టెక్నాలజీ రాదన్న మాటను నేను ఒప్పుకోను. హాజరు యాప్‌లో వేస్తారు, మధ్యాహ్న భోజనం లెక్కలు యాప్‌లో ఎక్కిస్తారు, ఫోన్లో డబ్బులు పంపుతారు, వాట్సాప్‌లో మనవరాలి ఫోటోలు చూస్తారు. వాళ్లకు దొరకనిది ఒక్కటే: తాము ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠానికీ, గోడ మీద కొత్తగా వచ్చిన ఆ ప్యానెల్‌కీ మధ్య దారి. శిక్షణల్లో బటన్లు చూపిస్తారు. ఏ బటన్ ఏ పాఠంలో ఎందుకు నొక్కాలన్నది టీచర్‌కే వదిలేస్తారు.

బోధన గురించి పరిశోధించిన వాళ్లు ఈ దారి మీద చాలా కాలంగా రాస్తున్నారు. సబ్జెక్టు తెలియడం వేరు, ఆ సబ్జెక్టును పిల్లలకు అందేలా చెప్పడం వేరు, అదే ఒక ప్రత్యేకమైన జ్ఞానం అని లీ షుల్మన్ 1986లో చెప్పాడు. దానికి టెక్నాలజీని జోడించి, మూడూ కలిసే చోటే టీచర్ అసలు నైపుణ్యం ఉంటుందని పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ప్రతిపాదించారు. ట్రైనింగుల్లో ‘టీప్యాక్’ అనేది దీన్నే. స్టాఫ్ రూమ్‌లో నేను ఈ పేర్లేవీ ఎత్తలేదు. అయితే మేం పెట్టుకున్న పద్ధతికి ఆధారం ఇదే: లక్ష్యం పరికరం పేరుతో మొదలు కాకూడదు, పాఠంలో పిల్లలు ఆగిపోయే చోటుతో మొదలు కావాలి.

టీచర్ డైరీలో మూడు వాక్యాలు

పాత లక్ష్యాలను పక్కన పెట్టమని ఎవరినీ అడగలేదు. వాటి కింద మూడు వాక్యాలు రాయమన్నాం.

మొదటిది: మీ సబ్జెక్టులో, వచ్చే యూనిట్‌లో, పిల్లలు ఏటా తడబడే చోటు ఏది? రెండోది: అక్కడ పిల్లలు ఏం చేయగలగాలి, అందుకోసం మీరు నేర్చుకోవాల్సిన ఒకే ఒక్క నైపుణ్యం ఏది? మూడోది: కరెంటో, నెట్టో, ప్యానెలో మొండికేస్తే ఆ పీరియడ్ ఎలా నడుపుతారు?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడంలో ప్రతి టీచరూ నిపుణులే. అందుకే దాన్ని ముందు పెట్టాం. సంభాషణ వాళ్లకు బాగా తెలిసిన విషయంతో మొదలైతే, తెలియని దాని గురించి అడగడానికి మొహమాటం తగ్గుతుంది. రెండో ప్రశ్నలో ‘ఒకే ఒక్క’ అన్న మాట మీద నేను గట్టిగా నిలబడ్డాను. ఉత్సాహంలో నాలుగు యాప్‌లు రాసుకున్న వాళ్లు సంక్రాంతి సెలవుల నాటికి ఒక్కటీ వాడని సందర్భాలు వేరే స్కూళ్లలో చూశాను.

మూడో ప్రశ్నను కొందరు అనవసరం అనుకున్నారు. నాకు మాత్రం మూడింటిలో అదే ముఖ్యం. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే రాసుకున్న వాళ్లు అనుకున్న పని పూర్తి చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి. మన స్కూళ్లలో కరెంటు పోవడం అరుదైన సంఘటన కాదు కదా. ప్యానెల్ ఆగిపోయిన పీరియడ్‌లో టీచర్ పిల్లల ముందు ఒకసారి ఇబ్బంది పడితే, తర్వాత నెల రోజులు దాని జోలికి వెళ్లరు. రెండో దారి చేతిలో ఉంటే ఆ భయం ఉండదు.

గడువు విషయంలో కూడా ఒక నిర్ణయం తీసుకున్నాం. లక్ష్యానికి తేదీ కాకుండా యూనిట్ గడువుగా పెట్టాం. ఆ యూనిట్ అయ్యాక కొనసాగించాలా, మార్చాలా, వదిలేయాలా అన్నది టీచరే చెప్పాలి. లక్ష్యాల మీద దశాబ్దాలు పనిచేసిన ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ చెప్పిన వాటిలో జనానికి బాగా తెలిసింది ‘స్పష్టమైన, కష్టమైన లక్ష్యం మంచి ఫలితం ఇస్తుంది’ అన్నది. అంతగా ప్రచారంలో లేని రెండో సగం కూడా ఉంది: పని పూర్తిగా కొత్తదైనప్పుడు ఫలితం మీద పెట్టే లక్ష్యం కన్నా, నేర్చుకోవడం మీద పెట్టే లక్ష్యమే మేలు చేస్తుంది. ‘ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో) అందరికీ ఇన్ని మార్కులు రావాలి’ అని మొదటి నెలలోనే పెడితే టీచర్ తనకు తెలిసిన పాత దారికే పోతారు. అది సహజం. అందుకే మొదటి యూనిట్ వరకు మార్కుల ఊసు ఎత్తొద్దని హెచ్‌ఎంని కోరాం. ఆమె ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట వల్ల స్టాఫ్ రూమ్‌లో సగం టెన్షన్ తగ్గింది.

మ్యాథ్స్ మాస్టారు

రిటైర్మెంట్‌కు దగ్గర పడిన మాస్టారు. కంపాస్ లేకుండా బోర్డు మీద గుండ్రంగా వృత్తం గీస్తారు. ఆ చేతి పనితనం చూసి నేను చాలా నేర్చుకున్నాను. ‘నాకు చాక్‌పీస్ చాలు సార్, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?’ అని మొదట్లోనే అన్నారు. తర్వాత ఒకరోజు విడిగా చెప్పిన కారణం వేరు: ‘పిల్లల ముందు తప్పు చోట నొక్కితే పరువు పోతుంది.’

ఆయన్ని ప్యానెల్ గురించి అడగలేదు. పదో తరగతిలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారని అడిగాను. ఆలోచించకుండానే చెప్పారు. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత. గుణకాల (సమీకరణాల్లోని సంఖ్యల) నిష్పత్తులు చూసి ఏకైక సాధన (ఒకే జవాబు) ఉందా, అనంత సాధనలు ఉన్నాయా, అసలు సాధనే లేదా అని చెప్పాలి. మూడు నియమాలు పిల్లలు బట్టీ పడతారు. పరీక్షలో రెండోదీ మూడోదీ తారుమారు చేస్తారు. ఎందుకంటే ఆ నిష్పత్తులకూ గీతలకూ సంబంధం వాళ్ల కంటికి ఎప్పుడూ కనబడదు. పీరియడ్ మొత్తంలో చేత్తో ఒక గ్రాఫ్, మహా అయితే రెండు వేయగలరు.

ఇక్కడ గ్రాఫులు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ సరిగ్గా సరిపోతుంది. ఒకసారి ప్యానెల్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మాస్టారు నేర్చుకోవాల్సినవి తక్కువే: సమీకరణం టైప్ చేయడం, ఒక స్థిరపదం చోట అక్షరం పెట్టి దానికి స్లైడర్ (వేలితో జరిపితే విలువ మారే మీట) తెచ్చుకోవడం, దాన్ని జరపడం. రెండో వాక్యంలో ఆయన రాసుకున్న లక్ష్యం ఇది: ‘స్లైడర్ జరపక ముందే ఏం జరుగుతుందో పిల్లలు చెప్పగలగాలి.’

బడి వదిలాక ఖాళీ గదిలో సాధన చేశారు. తోడుగా ఫిజిక్స్ సార్ కూర్చున్నారు. వయసులో సగమే ఉన్న ఆ సార్ ‘మాస్టారూ, మీరే నొక్కండి’ అంటూ చేతులు కట్టుకుని పక్కన నిలబడడం నాకు చాలా నచ్చింది. నేర్పేవాళ్లు తామే చకచకా చేసి చూపిస్తే నేర్చుకునేవాళ్లు చూస్తూ ఉండిపోతారు.

క్లాసులో మాస్టారు వేసిన జత ఇది: 2ఎక్స్ + 3వై = 6, 4ఎక్స్ + 6వై = సీ. సీ చోట స్లైడర్. దాన్ని జరుపుతుంటే రెండో గీత వంగకుండా, తిరగకుండా పక్కకు జరుగుతుంది తప్ప మొదటి గీతను ఎక్కడా ఖండించదు. సమాంతరం. ‘ఎక్కడ ఆపితే రెండూ ఒకటైపోతాయి?’ అని అడిగి అందరి నోట్‌బుక్‌లో సంఖ్య రాయించారు. కొందరు 6 అన్నారు, కొందరు 12 అన్నారు. జరిపి చూపించాక 12 దగ్గర గీతలు ఏకీభవించాయి. తర్వాత వై గుణకం 6 తీసేసి 5 పెట్టారు. గీత ఒరిగి మొదటిదాన్ని ఒకచోట ఖండించింది. నియమం రాయకముందే వెనక బెంచీ అబ్బాయి ఒకడు ‘ఎక్స్, వై పక్కవి రెండూ రెట్టింపైతేనే సార్ గీత తిరగనిది’ అన్నాడు. మాస్టారు ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీద రాసి, దాని కింద నిష్పత్తి రాశారు.

ఇంకో నిర్ణయం పూర్తిగా ఆయనదే. ప్యానెల్ మీద చూసిన ప్రతి రకం జతకూ ఒక్కో గ్రాఫ్ చేత్తో వేయించారు. పబ్లిక్ పరీక్షలో గ్రాఫ్ పేపర్ మీద పెన్సిల్‌తోనే గీయాలి. ప్యానెల్ వచ్చిందని చేతి పని తగ్గిస్తే నష్టపోయేది పిల్లలే. ఆయన మూడో వాక్యం కూడా దానికి తగ్గట్టే ఉంది: కరెంటు పోతే కిటికీ పక్కన బోర్డు మీద రెండు పొడవాటి స్కేళ్లు పెట్టి ఒకదాన్ని జరిపి చూపిస్తాను.

బల్బు ముందు, బల్బు తర్వాత

ఫిజిక్స్ సార్‌కి టెక్నాలజీ అంటే భయం లేదు. ఆయన సమస్య దానికి ఎదురుగా ఉంది: క్లాసులో అన్నీ ఆయనే చేసేస్తారు. సిమ్యులేషన్లు (తెర మీద చేసే ప్రయోగాలు) చకచకా నడిపి చూపిస్తారు, పిల్లలు చూస్తూ ఉంటారు. ఆయన పాఠాలు చూడడానికి బాగుండేవి. పిల్లలు అందులో ఏం నేర్చుకున్నారో చెప్పడం కష్టం.

విద్యుత్ పాఠంలో ప్రపంచమంతటా పిల్లలకు ఉండే ఒక పొరపాటు భావన ఉంది. బల్బు వెలగడానికి కరెంటు ఖర్చైపోతుందని, కాబట్టి బల్బు దాటాక తీగలో కరెంటు తగ్గుతుందని అనుకుంటారు. చదివి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. సార్ ఎంచుకున్న చోటు ఇదే. ఆయన నేర్చుకోవాల్సిన నైపుణ్యం కొత్త యాప్ కాదు, సిమ్యులేషన్ నడిపే ముందు ఆగడం. టెక్నాలజీ లక్ష్యం కింద దీన్ని రాయవచ్చా అని అడిగారు. తప్పకుండా రాయాలని చెప్పాను, ఎందుకంటే పరికరం నుంచి చదువు రాబట్టే నైపుణ్యం అదే.

వాడింది ఫెట్ సిమ్యులేషన్లలోని సర్క్యూట్ కిట్. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి. ఫైల్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ అవసరం లేదు.

బ్యాటరీ, బల్బు, బల్బుకు రెండు వైపులా కరెంటును కొలిచే రెండు అమ్మీటర్లు పెట్టి, స్విచ్ వేయకుండా సార్ ఆగారు. బల్బు ముందు ఎక్కువా, తర్వాత ఎక్కువా, రెండూ సమానమా? చేతులెత్తమంటే అందరూ ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చెయ్యి వైపు చూస్తారు. అందుకే చీటీల మీద రాయించారు. చీటీలు విప్పితే ఎక్కువ భాగం ‘ముందు ఎక్కువ’ అనే ఉన్నాయి. స్విచ్ వేశాక రెండు రీడింగులూ ఒకటే. క్లాసులో గోల. ‘ఆ సాఫ్ట్‌వేర్ తప్పు సార్’ అని ఒకమ్మాయి లేచి చెప్పింది.

ఆ అమ్మాయి మాటను సార్ చాలా గౌరవంగా తీసుకున్నారు. వెంటనే ల్యాబ్ నుంచి నిజమైన సెల్లు, టార్చి బల్బు, అమ్మీటర్ తెప్పించి ఆమెతోనే కలిపించారు. ముందొకసారి, తర్వాతొకసారి. ముల్లు రెండుసార్లూ అక్కడే ఆగింది. అప్పుడు కరెంటు కాకుండా ఇంకేదో బల్బు దగ్గర ఖర్చవుతుండాలి కదా అన్న ప్రశ్న పుట్టింది. శక్తి గురించి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. తెర మీద చూసినదాన్ని పిల్లలు ఆటగా తీసుకుంటారు, ముల్లును నమ్ముతారు. సైన్స్ టీచర్లకు నేను చెప్పే మాట: సిమ్యులేషన్ ఉంది కదా అని ల్యాబ్ బీరువాకు తాళం వేయకండి.

చీటీలు లెక్కపెట్టడంలో సమయం పోతోందని రెండో యూనిట్‌కు సార్ ప్లిక్కర్స్ నేర్చుకున్నారు. ఒక్క ఫోన్ ఉన్న క్లాసుకు ఇంత బాగా కుదిరే సాధనం నాకు మరొకటి కనబడలేదు. ప్రతి పిల్లవాడికీ ఒక నలుపు-తెలుపు కార్డు. దాని నాలుగు వైపులా నాలుగు జవాబులు. తన జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. టీచర్ ఫోన్ కెమెరాతో క్లాసు మొత్తాన్ని ఒకసారి చూస్తే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. ఎవరి కార్డు నమూనా వారిదే కాబట్టి పక్కవాడి జవాబు చూసి రాయడం కుదరదు. సార్ కార్డులు ప్రింట్ తీయించి పాత క్యాలెండర్ అట్టలకు అతికించారు. అవి ఏడాదంతా నిలిచాయి.

తెలుగు మేడం లక్ష్యాలు

అన్నింటిలో చిన్న సాధనంతో పెద్ద పని చేసింది తెలుగు మేడం. ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో కొందరు కూడబలుక్కుని చదువుతారు. ఒత్తులు మింగేస్తారు, దీర్ఘాలు తీయరు. మేడం తప్పు చెప్పినప్పుడల్లా గొంతు ఇంకా లోపలికి పోతుంది. ఆమె లక్ష్యం: ప్రతి పిల్లవాడూ తన చదువును తానే విని, తన తప్పు తానే పట్టుకోవాలి. దానికి ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ చాలు.

వేమన పద్యమో, పాఠంలో ఒక పేరానో చదివిస్తారు. ఇయర్‌ఫోన్స్ పెట్టి పిల్లవాడికే వినిపిస్తారు, పుస్తకంలో వేలు పెట్టించి. తప్పు వినబడిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. మళ్లీ చదవాలి. ప్యానెల్ స్పీకర్లో అందరికీ వినిపిస్తే తొందరగా అయిపోతుందని ఎవరో సూచించారు. మేడం ససేమిరా అన్నారు, నేనూ ఆమె పక్షమే. నత్తిగా చదివే పిల్లవాడి గొంతును క్లాసంతా వింటే వాడు మళ్లీ నోరు విప్పడు.

రికార్డింగులను వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని, వారం చివర తీసేయాలని లక్ష్యంలోనే రాసుకున్నాం. పిల్లల గొంతు, ముఖం వాళ్ల వ్యక్తిగత సమాచారమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారాన్ని వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. పేరెంట్స్ మీటింగ్‌లో మేడం విషయం వివరించారు. ఒక తల్లి ‘మా వాడు చదివింది నాకూ వినిపించమ్మా’ అని అడిగితే, పక్కకు పిలిచి ఆమె కొడుకుది మాత్రం వినిపించారు.

ఆమె రెండో లక్ష్యం క్లాసు బయటది. ప్రశ్నపత్రాలు టౌన్‌లో డీటీపీ సెంటర్‌లో చేయించేవారు. అక్కడ అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైల్ ఫోన్లో తెరిస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి, ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ టౌన్‌కి పోవాలి. యూనికోడ్‌లో (ఏ ఫోన్లో తెరిచినా తెలుగుగానే కనబడే పద్ధతిలో) ఫోన్ మీదే వాయిస్ టైపింగ్‌తో చెప్పి, తప్పులు దిద్దుకుని, పేపర్ తయారు చేయడం ఆమె నేర్చుకున్నారు. పద్యపాదాల దగ్గర వాయిస్ టైపింగ్ తడబడుతుంది, అవి చేత్తో కొట్టాలి. అయినా డబ్బులు, ప్రయాణం మిగిలాయి. స్టాఫ్ అంతా ఆమెను చూసి మొదలుపెట్టిన పని కూడా ఇదే. టీచర్ సొంత సమయాన్ని మిగిల్చే నైపుణ్యం మిగతా వాటికి తలుపు తీస్తుంది. మొదటి లక్ష్యం దగ్గర గట్టిగా జంకే వాళ్లకు నేనైతే ఇలాంటిదే సూచిస్తాను.

మధ్యలో మారిన లక్ష్యం

సోషల్ మేడం ప్రతి భూగోళ పాఠంలో గూగుల్ ఎర్త్ వాడాలనుకున్నారు. పీరియడ్ మధ్యలో నెట్ ఆగిపోతుంది, తెర మీద బూడిద రంగు గళ్లు మిగులుతాయి. మొదటి యూనిట్ చివర ఆమె స్వయంగా లక్ష్యాన్ని కుదించారు: ఇంట్లో ఫోన్ మీద స్క్రీన్ రికార్డింగ్ తీసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, రెండు నిమిషాల ముక్కలుగా వాడతాను. నేర్చుకోవాల్సింది స్క్రీన్ రికార్డింగ్ ఒక్కటే.

ఆమె తెచ్చిన వాటిలో పిల్లలను కట్టిపడేసింది గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్. 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు ఏటేటా మారుతూ కనిపిస్తాయి. సాగర్ జలాశయం దగ్గర పెట్టి, వానలు తక్కువైన ఏళ్లలో నీటి అంచులు కుంచించుకుపోవడం చూపించారు. కుడి కాలువకు నీళ్లు రాని ఏడాది ఇంట్లో ఏం జరిగిందో తాతను అడిగి రాసుకురమ్మన్నారు. ఆ రాతలు నేను చదివాను. అప్పు, వలస, అమ్మిన గేదె, అన్నీ ఉన్నాయి. మ్యాపు ఆ పిల్లలకు సొంతమైంది.

పనికి అడ్డొచ్చినవి

సుద్ద పొడి. ఐఎఫ్‌పీల్లో చాలావరకు స్పర్శను గుర్తించేది చట్రంలోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో. పక్కన బోర్డు తుడిచినప్పుడల్లా పొడి అంచుల్లో పేరుకుని, ఎవరూ ముట్టకుండానే గీతలు పడుతుంటాయి. ‘ప్యానెల్ పాడైంది’ అని కంప్లయింట్ రాయబోతుంటే, పొడి గుడ్డతో అంచులు తుడిస్తే బాగైంది. బోర్డును తడి గుడ్డతో తుడవడం, ప్యానెల్ అంచులను వారానికోసారి పొడి గుడ్డతో తుడవడం పిల్లల డ్యూటీ చార్టులోకి ఎక్కించాం.

ఆ డ్యూటీల దగ్గర ఇంకొకటి బయటపడింది. ప్యానెల్ ఆన్ చేయడం, పెన్‌డ్రైవ్ పెట్టడం అన్నీ మగపిల్లలే లాక్కునేవారు. ఆడపిల్లలు దూరంగా నిలబడేవారు. హెచ్‌ఎం వారం మార్చి వారం ఆడపిల్లలకే అప్పగించారు. టీచర్లు నేర్చుకుంటున్న క్లాసులో పిల్లలు ఎవరు నేర్చుకోకుండా మిగిలిపోతున్నారో కూడా చూడాలి.

జనవరి నుంచి మిర్చి కోతలు. హాజరు పడిపోతుంది. తర్వాత పదో తరగతికి పబ్లిక్ పరీక్షల హడావిడి. ఆ రెండు నెలలు కొత్త లక్ష్యాలేవీ పెట్టొద్దని ముందే అనుకున్నాం. అప్పటికే అలవాటైనవి నడిస్తే చాలు. ఏడాది పొడవునా ఒకే వేగం ఆశించే ప్రణాళిక మన స్కూళ్లకు పనికిరాదు.

ఎలా చూసుకున్నాం

ఒకరి క్లాసులో ఇంకొకరు కాసేపు కూర్చునేవారు. టీచర్‌ను చూడకూడదు, పిల్లలనే చూడాలి. పిల్లలు ఏం రాశారు, ఏం అడిగారు, ఎవరు ఊరికే కూర్చున్నారు, అంతే నోట్ చేసుకోవాలి. మార్కులు వేయకూడదు, రిపోర్టు పైకి పంపకూడదు. ఈ రెండు షరతులు లేకపోతే తోటి టీచర్ కూడా ఇన్‌స్పెక్టర్‌లా కనిపిస్తారు, ఎవరూ తలుపు తీయరు.

మార్కులు ఇంత పెరిగాయని నేను లెక్క చెప్పను. ఒక స్కూలు, ఒక ఏడాది అనుభవంతో అలాంటి మాట అనడం సరికాదు. కనబడినవి చెబుతాను. మాస్టారి క్లాసులో సమాంతర, ఏకీభవించే రేఖల తికమక బాగా తగ్గింది, జవాబు పత్రాల్లో అది తెలుస్తుంది. ఫిజిక్స్ సార్ పీరియడ్‌లో పిల్లలు మాట్లాడే సమయం పెరిగింది. ఆరో తరగతిలో గొంతు విప్పని పిల్లలు కొందరు ప్రార్థనలో పద్యం చదివారు. ప్యానెల్ వాడిన గంటలు మాత్రం పెద్దగా పెరగలేదు. నన్నడిగితే పెరగనక్కర్లేదు. వాడకం రోజువారీ గంటల్లో కొలిచే చోట టీచర్లు గంటలే చూపిస్తారు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంటోంది. దీక్షాలో కోర్సులు పూర్తి చేసి సర్టిఫికెట్లు తెచ్చుకోవడం అందులో ఒక భాగం, అది మంచిదే. ఆ యాభైలో కొన్ని గంటలు ఇలా సొంత పాఠం మీద, తోటి టీచర్‌తో కూర్చుని చేసే సాధనకు లెక్కగడితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. బడి వదిలాక మాస్టారు ఖాళీ గదిలో చేసిన సాధన ఏ పోర్టల్లోనూ నమోదు కాలేదు.

బదిలీల సంగతి కూడా ముందే ఆలోచించాలి. టీచర్ వెళ్లిపోతే నేర్చుకున్నది కూడా వెళ్లిపోకూడదని, ప్రతి లక్ష్యం మూడు వాక్యాలూ, వాడిన ఫైళ్లూ, ఏది పనిచేయలేదన్న ఒక లైనూ హెచ్‌ఎం దగ్గర ఒక రిజిస్టర్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుతున్నాం. ఈ ఏడాది బయాలజీ మేడం, హిందీ సార్ చేరారు. బయాలజీ మేడం ఫోన్ కెమెరాను మైక్రోస్కోప్ కంటికి ఆనించి ఉల్లిపొర కణాలను ప్యానెల్ మీద అందరికీ చూపించడం సాధన చేస్తున్నారు, ఫోన్ కదలకుండా నిలబెట్టడానికి స్టాండ్ ఒకటి కావాలి. హిందీ సార్ లక్ష్యం ఇంకా ఖరారు కాలేదు. ఏడో తరగతి నోట్‌బుక్‌లు ముందేసుకుని పిల్లలు హిందీ మాత్రల (గుణింతపు గుర్తుల) దగ్గర ఎక్కడెక్కడ తప్పు పోతున్నారో గుర్తించడం మాత్రం అయింది. వచ్చే వారం ఆ జాబితా పట్టుకుని ఇద్దరం కూర్చుంటాం.